రామ్‌పూర్ చాకు

బరంపురంలో మా నాన్నగారి జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. ఆయన పోయాక నా దగ్గరికొచ్చింది. 2019లో విమానం ఎక్కబోతూ చేతిసంచిలో మరచిపోయాను, తనిఖీలో తీసేసుకున్నారు. తప్పు నాదే. అమ్మకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

కిందటేడు బ్యాంకు ఇన్‌స్పెక్షన్‌కు మొరాదాబాదు వెళ్ళి, సుమారు 30 కిలోమీటర్లే కదా అని రామ్‌పూర్ చూసొచ్చాను. అక్కడి కూడలిలో 2023లో నిలిపిన 20 అడుగుల చాకు ఉంది. సినిమా రౌడీల రామ్‌పురీ అదే! 1990లలో 4.5 అంగుళాలు దాటిన బ్లేడును అక్కడి ప్రభుత్వం నిషేధించాక ఆ వ్యాపారం బాగా తగ్గింది.

"రోజూ జేబులో ఉండాలి" అన్నాను. తెరిచి పక్కలకు కదిపి చూడమన్నాడు దుకాణం పెద్దాయన; బ్లేడు ఆడకూడదు. లాకు గట్టిగా పట్టాలి, లేకపోతే వేళ్ళ మీద మడుచుకుంటుంది. ఇత్తడి పిడి అందమే గానీ బరువు. చెక్క పిడి, మూడంగుళాల బ్లేడు ఉన్నది తీసుకున్నాను. పులుపు తగిలితే తుడిచి, చుక్క నూనె వెయ్యమన్నాడు. ఈసారి లగేజీలో వేసే పెట్టెలోనే పెట్టాను.

ఇంట్లో మామిడికాయ కోస్తూ అమ్మకు నిజం చెప్పాను.

"అప్పుడే తెలుసులేరా. ముక్కలు చిన్నవి కొయ్యి" అంది.