ఆ ట్యూబు నేనే కొనిచ్చాను

అమ్మ ఉన్నట్టుండి విడిగా పడుకోవడం మొదలుపెట్టింది. మనవరాలు ఒళ్లోకి దూకబోతే 'ఇప్పుడు కాదు తల్లీ' అంటూ తప్పించుకునేది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది... లంగా బొందు కట్టుకునేచోట నడుము చుట్టూ తామర.

ఇంతేకదా అనుకుని మెడికల్ షాపులో ట్యూబు కొనిచ్చాను. రెండు రోజుల్లో దురద మాయం. నెల తిరక్కుండానే మచ్చలు రెట్టింపు. మళ్లీ అదే ట్యూబు. ఇలా మూడుసార్లు!

చర్మవ్యాధుల డాక్టరమ్మ ఆ ట్యూబు మీది సన్నక్షరాలు చదివి తల పట్టుకున్నారు. ఫంగస్ మందుతోపాటు అందులో ఘాటైన స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, చర్మానికుండే కాపలానీ నిద్రపుచ్చుతుంది. 14 రకాల స్టెరాయిడ్ల పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. షాపులో చీటీ అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

టెర్బినఫిన్ మాత్రలు నెల వాడినా జబ్బు లొంగలేదు. దాంతో మచ్చ అంచు గీకి, ఆ పొట్టుని ల్యాబుకి పంపారు. విలేకరి బుద్ధి కదా, నేనూ వెళ్లి చూశాను.

ఫంగస్‌ని పెంచడానికే రెండుమూడు వారాలు పట్టింది. తర్వాత అరచేతంత ప్లాస్టిక్ పళ్లెంలో 96 గుంటలు. వరుసకో మందు. గుంట గుంటకీ మోతాదు సగానికి తగ్గుతుంది. వాటిలో అమ్మ ఒంటిమీది ఫంగస్ బీజాలు వేసి నాలుగైదు రోజులు వెచ్చగా ఉంచారు. గుంట తేటగా ఉంటే మందు గెలిచినట్టు, మబ్బుగా ఉంటే ఫంగస్ గెలిచినట్టు.

టెర్బినఫిన్ వరుసలో ఘాటు గుంటలు కూడా మబ్బుగానే ఉన్నాయి! ఇట్రాకొనజోల్ వరుస మాత్రం కొద్ది మోతాదుకే తేటపడింది.

ఫంగస్ తన పైపొరకి కావలసిన కొవ్వు తయారుచేసుకునే ఎంజైముని టెర్బినఫిన్ అడ్డుకుంటుంది. ఆ ఎంజైములో చిన్న మార్పు వస్తే చాలు, మందుకి పట్టు దొరకదు. చండీగఢ్ పీజీఐ పరిశోధకులు 2018లో ఈ సంగతే చూపించారు. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఇలాంటి మొండి రకానికి పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. పేరులోనే మన దేశం!

'పళ్లెంలో గెలిచిన మందు ఒంట్లోనూ గెలుస్తుందని హామీ లేదు. మచ్చ పోయిందని మధ్యలో ఆపొద్దు, తువ్వాళ్లు వేరుగా పెట్టండి' అన్నారు డాక్టరమ్మ. రెండున్నర నెలలు పట్టింది. ఇప్పుడు మనవరాలు మళ్లీ నాయనమ్మ పక్కలోనే పడుకుంటోంది.

మొన్న ఆఫీసులో ఓ మిత్రుడు మెల్లగా అడిగాడు... 'అమ్మగారికి తగ్గిందటగా, ఆ ట్యూబు పేరేంటి?'

పేరు చెప్పలేదు. డాక్టరమ్మ అడ్రసిచ్చాను.