పడితే ఎటేపు పడతాది?

నేను విశాఖపట్నం మధురవాడలో ఉంటాను. నాకు హామ్ (ఔత్సాహిక) రేడియో లైసెన్సు ఉంది. తుపానులో ఫోన్లు పోయినా మా రేడియో పలుకుతుందని వీధిలో అందరికీ చెప్పుకునేవాణ్ణి. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు నా రేడియోకి ఏమీ కాలేదు. యాంటెన్నా స్తంభం మాత్రం పక్కింటి మీద పడింది. టవరు నిలబెట్టాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అది ముప్పై అడుగుల స్తంభం. రెండంగుళాల జీఐ పైపులు అతికించి డాబా మీద నిలబెట్టాను. స్తంభాన్ని పట్టి ఉంచే గై తీగలు మూడు వైపులా లాగాను. రెండింటిని పిల్లరు ఇనుముకి కట్టాను. దక్షిణం వైపుది అందలేదు. పిట్టగోడలో కొక్కెం దించి దానికి కట్టాను. వట్టి ఇటుక గోడ. తర్వాత మారుద్దాం అనుకున్నాను. మూడేళ్ళు మార్చలేదు.

అక్టోబరు 11, శనివారం. సాయంత్రం డాబా ఎక్కి తీగలు లాగి చూశాను. బిగువుగానే ఉన్నాయి. స్తంభం దించాలంటే నలుగురు కావాలి. చినుకులు మొదలయ్యాయి. ఎవర్నీ పిలవలేదు.

12, ఆదివారం. పొద్దుటి నుంచీ ఉత్తరం వైపు నుంచి గాలి. పక్కింటి మామ్మగారిది రేకుల ఇల్లు. ఆవిణ్ణి మా ఇంట్లోకి తెచ్చుకున్నాం. మా కిటికీ అద్దాలు పగిలాయి. స్తంభం నిలిచే ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. మామ్మగారు బీపీ మాత్రలు తెచ్చుకుంటానన్నారు. “తగ్గిపోయింది, వెళ్ళి తెచ్చుకోండి” అన్నాను.

తుపాను కన్ను మన మీదుగా వెళ్తే గాలి ఆగుతుందనీ, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి వస్తుందనీ నాకు తెలుసు. పదిమందికి చెప్పాను కూడా. అయినా ఆ మాట అనేశాను. మా ఆవిడ మామ్మగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు. మామ్మగారు ఇవాళ ఉన్నారంటే అందుకే.

కాసేపటికి గాలి దక్షిణం నుంచి కొట్టింది. ఉత్తరపు గాలి లాగింది గట్టిగా కట్టిన తీగల్ని. ఈ గాలి లాగింది పిట్టగోడని. చప్పుడు విన్నాను. బయటికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే స్తంభం రేకులు పగలగొట్టి మామ్మగారి మంచం మీద పడి ఉంది. కొక్కెం ఊడిపోలేదు. నాలుగు ఇటుకలతో సహా తీగ చివర వేలాడుతోంది. కాళ్ళు వణికి అక్కడే కూర్చుండిపోయాను.

13, సోమవారం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మామ్మగారి కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. “నీ రేడియోలో మావోడికి ఒక్క ముక్క సెప్పగలవా బాబూ?” అన్నారు. నేను పాడుచేసిన ఇంటి మనిషి నన్నే అడిగారు. విరిగిన కొబ్బరి మోడు ఎక్కి యాంటెన్నా తీగ కట్టింది ఎదురింటి కుర్రాడు. చెరో వైపు ముప్పైమూడు అడుగుల తీగ. కారు బ్యాటరీ ఇచ్చింది వెనక వీధి మాస్టారు. మధ్యాహ్నం ఏడు మెగాహెర్ట్జ్ మీద హైదరాబాదు హామ్ ఒకాయన అందారు. వివరం చెబుతుంటే నా గొంతు రెండుసార్లు ఆగిపోయింది. ఆయన ఓపిగ్గా రాసుకుని ఆ అబ్బాయికి ఫోన్ చేశారు.

ముందు మామ్మగారికి రేకులు వేయించాను. తర్వాత కొత్త టవరు గీసిన కాగితం ఆవిడకే చూపించాను. వద్దంటే మానేద్దామనుకున్నాను. చాలాసేపు చూసి ఒకటే అడిగారు: “పడితే ఎటేపు పడతాది బాబూ?”

ఆ ప్రశ్నే పట్టుకుని టవరు ఎంచుకున్నాను. తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు డబ్బు తీసుకోకుండా లెక్క కట్టిచ్చారు. గాలి ఒత్తిడి లెక్కకి ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం మూడో భాగం చూస్తారు. అందులో విశాఖకి గాలి మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. నేను స్తంభం బరువే చూశాను గానీ, పైనున్న యాంటెన్నా గాలికి ఎంత అడ్డమో ఎప్పుడూ చూడలేదు.

2015 ఫిబ్రవరిలో అలవాటు కోసం ఒక మిత్రుడి టవరు ఎక్కాను. బెల్టు ఉంది. పాతిక అడుగుల దగ్గర చేతులు బిగుసుకుపోయాయి. పైకీ పోలేను, కిందికీ రాలేను. టవర్ల మీద పనిచేసే కుర్రాడొకడు నా కిందికి ఎక్కి, నా పాదం పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీద పెడుతూ దించాడు. సిగ్గుపడ్డాను. కానీ ఆ రోజే తేలిపోయింది: ఎక్కాల్సిన టవరు నాకు వద్దు, కిందే నిలబడి వాల్చగలిగేది కావాలి.

నలభై అడుగులు కావాలనుకున్నాను. పెరట్లో వాల్చడానికి ముప్పైకే చోటుంది. ముప్పైతో సరిపెట్టుకున్నాను. కీలు మీద వాలే టవరు, చేతితో తిప్పే వించి. వెల్డింగూ బెజ్జాలూ అన్నీ అయ్యాకే గాల్వనైజింగ్ చేయించాం. మాది సముద్రపు గాలి, తర్వాత వెల్డ్ చేసిన చోటే తుప్పు పడుతుంది. పునాది ఐదడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఎటు పడినా కరెంటు తీగలకీ, మామ్మగారి ఇంటికీ తగలని చోటు చూశాం. పునాది మీద గోనెసంచులు కప్పి తడిపాం. ఇరవై ఎనిమిది రోజులు ఆగమన్నారు మేస్త్రి. తొందరపెట్టబోతే, “మళ్ళీ ఇటుక గోడేనా?” అంది మా ఆవిడ. ఆగాను.

లేపిన రోజు సగంలో వించి తీగ డ్రమ్ము అంచెక్కి పక్కకి జారింది. టవరు గాల్లో ఆగింది. నా నోట మాట రాలేదు. ముందే కింద కర్రల ఊతం పెట్టించింది ఆ టవర్ల కుర్రాడే. దాని మీదికి దించి, తీగ సరిగా చుట్టి, మళ్ళీ లేపాం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను హెచ్చరిక రాగానే, చినుకు పడకముందే వాల్చాను. అది పలాస దగ్గర తీరం దాటింది. మాకు పెద్దగా గాలి రాలేదు. అనవసరంగా వాల్చానని అనుకోలేదు. హుద్‌హుద్ లాంటి గాలికి ఈ టవరు నిలుస్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మీరు టవరు పెట్టేటట్టయితే, ఎంత ఎత్తుకి లేపగలరో కాదు, ఒక్కరో ఇద్దరో కలిసి ఎంతసేపట్లో దించగలరో ముందు చూసుకోండి.

తుపాను కబురు వస్తే మామ్మగారు ఇప్పటికీ గోడ దగ్గరికి వస్తారు.

“వాల్చేసేవా బాబూ?”

“వాల్చేసేను మామ్మగారూ.”

అప్పుడు గానీ లోపలికి వెళ్ళరు.