ఆరణాల రోడ్డు

నర్సీపట్నం కాంప్లెక్స్‌లో చింతపల్లి బస్సు ఎక్కేవాళ్లను చూస్తే ఆ రోడ్డు ఎవరికి ఏమిటో తెలిసిపోతుంది. స్వెట్టరు భుజాన వేసుకుని కిటికీ సీటు కోసం తోసుకునేవాళ్లు లంబసింగి మంచు చూడ్డానికి బయల్దేరిన విశాఖ కుర్రాళ్లు. ఖాళీ గోనెసంచులు మడిచి చంకన పెట్టుకున్నవాళ్లు సంతకు పోయే వ్యాపారులు. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లలో ఒదిగి కూర్చున్నవాళ్లు ఏరియా ఆసుపత్రిలో చూపించుకుని తిరిగి కొండెక్కుతున్న మన్యం జనం. కండక్టరు వీళ్లందరినీ ఒకే గొంతుతో గదమాయిస్తాడు. ఆ సమానత్వం నాకు నచ్చుతుంది.

మా ఊరికి నది లేకపోలేదు. వరాహ నది బలిఘట్టం దగ్గర ఉత్తరానికి మళ్లుతుంది. ఆ ఒడ్డునే బ్రహ్మలింగేశ్వరస్వామి గుడి. శివరాత్రికి ఊరంతా అక్కడే ఉంటుంది. అయినా నర్సీపట్నానికి కూడు పెట్టింది నది కన్నా రోడ్డేనని నా నమ్మకం. కొండ సరుకు దిగేది ఇక్కడ. ఉప్పు, బట్ట, కిరసనాయిలు పైకెక్కేదీ ఇక్కడే. అబీద్ సెంటర్‌లో ఏ పాత కొట్టు ముందు నిలబడినా, దాని పునాది కింద కాస్త చింతపండు, కాస్త పసుపు కనబడతాయి, చూసే కన్నుంటే.

ఇదే ఊళ్లో ఇద్దరు ఇంగ్లీషు అధికారుల సమాధులున్నాయి. స్కాట్ కవర్డ్, హైటర్. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో చనిపోయారు. వాళ్లను వేటకు రప్పించిన కథ మొదలైంది మాత్రం తుపాకులతో కాదు, కూలి డబ్బులతో. మనం ఇప్పుడు బస్సులో పోతున్న ఈ రోడ్డు కూలి డబ్బులతో.

ఊరు దాటగానే చెరుకు తోటలు, జీడిమామిడి తోటలు. బస్సు హాయిగా పరుగెత్తుతుంది. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనేవాడు ఉన్న రోజుల్లో నర్సీపట్నం నుంచి లంబసింగికి ఈ రోడ్డు వేయించారు. కొండవాళ్లను పనికి తోలుకొచ్చారు. రోజుకి ఆరణాలు కూలి అన్నారట, చేతిలో పెట్టింది అందులో ఏదో కొంత. మిగతాది కాంట్రాక్టరుకీ దొరగారికీ మధ్య కరిగిపోయింది. అడిగినవాడికి కొరడా దెబ్బ. రూపాయికి పదహారణాల లెక్కన ఆరణాలంటే ముప్పై ఏడున్నర పైసలు. అప్పటికే 1882 నాటి అడవి చట్టం పోడు వ్యవసాయానికి అడ్డం పడింది, కొండ పెత్తందార్లైన ముఠాదారుల అధికారాలు ఒక్కొక్కటే ఊడిపోతున్నాయి. వాటి మీద ఈ కూలి దోపిడీ. రామరాజు రాకముందే కొండల్లో మంటకు కావలసిన కట్టెలన్నీ పేర్చి ఉన్నాయి. మన సినిమాలు, మన పాఠ్యపుస్తకాలు వీరుడి దగ్గర మొదలుపెడతాయి కానీ, నేనైతే కూలి పట్టీ దగ్గర మొదలుపెడతాను.

కూలి మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు ఉండేది. పనిచేసిన పదిహేను రోజుల్లో డబ్బు పడకపోతే పరిహారం ఇవ్వాలని 2005 నాటి చట్టంలో రాశారు. ఈ దారిలో బస్సెక్కినప్పుడల్లా పక్క సీటులో ఎవరో ఒకరు బ్యాంకు పుస్తకం తిరగేస్తూ కనబడతారు. పడ్డాయా లేదా అని నేనడగను. వాళ్ల మొహమే చెబుతుంది.

డౌనూరు. ఇక్కడితో మైదానం అయిపోయినట్టే. 2022 ఏప్రిల్ 4 తర్వాత జిల్లా కూడా అయిపోయినట్టే: నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది, ఈ పై ఊళ్లన్నీ పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కింద జబ్బుకి మందు, పైన సంతకానికి ఆఫీసు. జనం రెండు వైపులా తిరుగుతూనే ఉన్నారు.

ఈ దారి పేరు పేపర్లో పడిందంటే సగం సార్లు గంజాయి గురించే. కారు డిక్కీలో, పాలవ్యానులో, ఒకసారి కాదు, వందసార్లు చదివిన వార్తే. 2021లో ఏజెన్సీలో గంజాయి తోటలు నరికే కార్యక్రమం పెద్ద ఎత్తున జరిగింది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు గుట్టలు పోసి తగలబెట్టారు. ఫొటోలు దేశమంతా చూసింది. దొరికేది ఎప్పుడూ సంచీ మోసినవాడే. సంచీకి పెట్టుబడి పెట్టినవాడి ఫొటో మాత్రం నేను పేపర్లో పెద్దగా చూడలేదు. 2015 నవంబరులో చింతపల్లి అడవుల్లో బాక్సైట్ తవ్వకాలకు 97వ నంబరు జీవో వచ్చినప్పుడు మాత్రం మోసేవాళ్లు, తవ్వేవాళ్లు కాదు, ఊళ్లకు ఊళ్లే రోడ్డెక్కాయి. 2019లో ఆ జీవో రద్దయింది. ఈ దారి మీదుగా కిందికి వచ్చిన వార్తల్లో మంచి వార్తలు తక్కువ. అదొకటి.

ఘాట్ మొదలైంది. డ్రైవరు మొదటి గేరు వేశాడంటే బస్సులో మాటలు తగ్గుతాయి. బోడకొండమ్మ గుడి దగ్గర చాలామంది చేయి కిటికీ బయట పెట్టి దణ్ణం పెడతారు, డ్రైవరు కూడా ఒక చేత్తో. నాకు ఆ రెండో చెయ్యి గురించే బెంగ.

మా చిన్నప్పుడు ఈ మలుపుల్లో పాట తెగిపోయేది. విశాఖపట్నం ఆకాశవాణి 1963 ఆగస్టు 4న మొదలైంది. నర్సీపట్నంలో మా వీధి అరుగుల మీద దాని గొంతు వినబడని ఇల్లుండేది కాదు. ట్రాన్సిస్టరు ఒళ్లో పెట్టుకుని కొండెక్కేవాళ్లు ఒక మలుపులో పల్లవి వినేవాళ్లు, రెండో మలుపులో గరగర, మూడో మలుపులో చరణం సగం. అందుకేనేమో మా వైపు వాళ్లు పాటల్ని ముక్కలుగా పాడుకుంటారు. తెలియని చోట తమ మాటలు కుక్కేస్తారు. ఇప్పుడు బస్సులో ఎవరి ఫోను వాళ్లది. మలుపు తిరిగితే టవరు పోతుంది కానీ, పాట ముందే దింపుకున్నారు కనుక తెగదు. నాకెందుకో ఆ తెగడంలోనే రుచి ఉండేదనిపిస్తుంది. పాత రోజుల మీద మోజు అనుకున్నా సరే.

లంబసింగి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. పాత పేరు కొర్రబయలు. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరట. డిసెంబరు వచ్చిందంటే ఈ ఊరి పేరు మొదటి పేజీలో, పక్కన ఒక అంకె. సున్నా అన్నారు, ఒకటి అన్నారు, మూడు అన్నారు. ఆ అంకెలు చాలాసార్లు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం లెక్కలు. చలి చింతపల్లిలో కొలుస్తారు, పేరు లంబసింగికి వస్తుంది, డబ్బు రిసార్టులకు వస్తుంది. తెల్లవారకుండానే చెరువులవేనం కొండ మీద మబ్బుల సముద్రం చూడ్డానికి కార్లు బారులు తీరతాయి. ఒక పొద్దున మంట దగ్గర టీ అమ్మే ఆవిడను పలకరించాను.

"చలి వేస్తలేదేటమ్మా మీకు?"

"మాకేటి బాబూ, పుట్టినకాడినుంచీ ఇదే కదా. మీరొచ్చేసి ఫొటోలు తీస్తే మాకు కొత్తగా చలేస్తంది."

రాత్రిళ్లు మంట చుట్టూ థింసా పెట్టిస్తారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు. ఒకప్పుడు ఈ ఆటకు పండగో పెళ్లో కావాలి, ఇప్పుడు టెంటు అద్దెలో కలిసి వస్తుంది. దీన్ని చూసి ముక్కు విరిచే మిత్రులున్నారు నాకు. నేను విరవను. ఆడినందుకు డబ్బులిస్తున్నారా లేదా, ఎంత, ఎవరి చేతికి అన్నదే నా ప్రశ్న. ఆ లెక్క తేలితే స్వచ్ఛత గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

అక్కడినుంచి చింతపల్లి దాకా కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే చెట్లు, చెట్లకు అల్లుకున్న మిరియం. గింజ కొనేవాళ్లలో 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది, దాని పక్కనే పచ్చనోటు చూపించి తక్కువకు కొనే దళారీ ఉన్నాడు. సంస్థ రేటు ఎక్కువ, దళారీ డబ్బు ముందు. ఇంట్లో పిల్లాడికి జ్వరం ఉన్నప్పుడు ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు.

చింతపల్లి పోలీసు స్టేషను. 1922 ఆగస్టు 22న రామరాజు దళం మొదటి దాడి చేసింది ఇక్కడే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఇక్కడ పట్టుకెళ్లింది 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు అని లెక్క ఉంది. ఆ లెక్క ఎలా ఉందంటే, తీసుకున్నవాడే స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు కనుక. రోడ్డు వేయించినవాళ్లు ఎగ్గొట్టిన అణాలకు పద్దు ఎక్కడా లేదు. తరవాత్తరవాత రామరాజు దాడికి ముందు కబురు కూడా పంపేవాడు, బాణానికి మిరపకాయలు కట్టి. మిరపకాయ టపా అనేవారు. మా మన్యంలో ఇంత కచ్చితంగా అందిన వార్త మళ్లీ లేదు.

కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' సినిమా చాలావరకు ఈ చింతపల్లి కొండల్లోనే తీశారు. 1974 మే 1న విడుదలైంది. అందులో ఘంటసాల, వి.రామకృష్ణ కలిసి పాడిన పాటకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చింది. సినిమా పాట రాసిన తెలుగువాడికి ఆ గౌరవం అదే మొదటిసారి. సినిమా తెర మీదికి వచ్చేసరికి ఘంటసాల లేరు. ఫిబ్రవరి 11న పోయారు. నాకు ఆ పాట కన్నా గాం మల్లుదొర కథ ఎక్కువ ఇష్టం. అన్న గంటందొరకీ బాస్టియన్‌కీ భూమి తగాదా. అన్నదమ్ములిద్దరూ రామరాజు వెంట నడిచారు. గంటందొర కాల్పుల్లో పోయాడు, మల్లుదొర పట్టుబడి శిక్ష అనుభవించాడు. 1952లో అదే మల్లుదొర విశాఖపట్నం నుంచి గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. ఆయన మీద ఎవరూ సినిమా తియ్యలేదు.

సంతలో రాజ్మా గింజలు ఎర్రగా కుప్పలు పోసి ఉన్నాయి, పక్కనే కొండచీపుళ్లు, అడ్డాకులు. రెండు కిలోలు రాజ్మా అడిగి ఫోను తీశాను. అమ్మే ముసలామె కుప్ప పక్కన క్యూఆర్ అట్ట కూడా ఉంది, మనవడు పెట్టించాడట. సిగ్నలు తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. నేను సంచీ మీద చెయ్యి వేశాను.

ఆమె సంచీని తన వైపు లాక్కుంది. "ముందు డబ్బులు చేతిలో పెట్టు బాబూ. పంపేసినాం అంటే ఎలాగ?"

పక్కనున్న వ్యాపారి నవ్వి, నోటు అప్పిచ్చాడు. ఆమె దాన్ని ఎండకు పట్టి చూసి, రొంటిన దోపుకుని, అప్పుడు తూచింది.