మంచు పడుతోంది, మఫ్లరు కట్టుకో

చికాగో నుంచి మినియాపొలిస్ దాదాపు 400 మైళ్ళు. మామూలు రోజుల్లో ఆరు గంటల ప్రయాణం. డిసెంబరు చివరి వారం కావడంతో దారంతా మంచు, మాకు తొమ్మిది గంటలు పట్టింది. కారు నడిపింది మాస్టారు. వాడి అసలు పేరు అది కాదు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో పరీక్షల ముందు రాత్రి మా అందరికీ పాఠాలు చెప్పేవాడు కాబట్టి మాస్టారు. మేం వెళ్తున్నది రాజావారింటికి. తుని నుంచి వచ్చిన మనియార్డరు పదో తారీఖుకల్లా ఖర్చుపెట్టేసి, మిగతా నెలంతా దర్జాగా మా మీద బతికేవాడు కాబట్టి రాజావారు. వాళ్ళిద్దరూ అమెరికా వచ్చేశారు. నేను కాకినాడలోనే ఉండిపోయాను. 1999లో చదువు అయిపోయాక ముగ్గురం ఒకే ఇంట్లో పడుకోవడం ఇదే మొదటిసారి.

నా పెట్టెలో గొట్టం కాజాలు, పూతరేకులు, ఆవకాయ, వాటన్నిటికీ అడుగున రాజావారి అమ్మగారు ఇచ్చిన చిన్న మూట. అందులో వాడి నాన్నగారి మఫ్లరు. కాఫీ రంగుది, అంచులు పీచులు లేచిపోయింది. "వాడికియ్యి బాబూ, అక్కడ చలి కదా" అన్నారావిడ.

ఆ మఫ్లరు నాకు బాగా తెలుసు. ధనుర్మాసం ఆదివారాల్లో ఆయన అది చెవులకి చుట్టుకుని, టిఫిన్ క్యారియర్లో పులిహోరతో పొద్దున్నే బస్సు దిగేవారు. కొడుక్కి ఒక్కడికే కాదు, మా గదికంతటికీ సరిపడా తెచ్చేవారు. సాయంత్రం వెళ్తూ హాస్టలు మెట్ల మీద ఆగి, "రాత్రిళ్ళు మంచు పడుతోంది, బయట తిరక్కండర్రా" అనేవారు. కాకినాడ మంచు ఎంత? తెల్లారేసరికి గడ్డి మీద నాలుగు బొట్లు. ఎనిమిదింటికి అవీ ఉండవు. ఇక్కడ మోకాలిలోతు ఉంది, పారతో ఎత్తాలి. దాన్నీ దీన్నీ కూడా మనం మంచు అనే అంటాం.

వాడు మూట విప్పి, మఫ్లరు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, మడిచి అల్మారాలో పెట్టేశాడు. ఏమీ అనలేదు.

మొదటి రెండు రోజులూ పాత కథలే. వార్డెన్ గది తలుపుకి బయట గొళ్ళెం పెట్టిన కథ, సెకండ్ షో నుంచి వస్తూ గోడ దూకి మాస్టారు బురదలో పడ్డ కథ. ఒకడు మొదలుపెడితే ఇంకొకడు పూర్తిచేసేవాడు. వాళ్ళావిడ నవ్వింది, "ఇది మూడోసారి అన్నయ్యా" అంటూనే. పిల్లలు పది నిమిషాలు కూర్చుని పైకి వెళ్ళిపోయారు. మూడోరోజుకి కథలైపోయాయి. కొలెస్ట్రాల్, ఇంటి అప్పులు, పిల్లల కాలేజీలు, గ్రీన్‌కార్డు వరస మిగిలాయి. మధ్యాహ్నం గడ్డకట్టిన చెరువు మీద నడవడానికి వెళ్ళాం. నాలుగంగుళాల మందం గడ్డ ఉంటే మనిషి నడవచ్చని వాళ్ళబ్బాయి ధైర్యం చెప్పాడు. నేను మాత్రం ఒడ్డు వదల్లేదు. నాలుగున్నరకే చీకటి పడింది.

ఆ రాత్రి వాళ్ళింట్లో భోజనాలు. తెలుగువాళ్ళు ఇరవైమంది దాకా వచ్చారు. రాజావారు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు: "వీణ్ణి నా ఫ్రెండనుకోకండి. మా నాన్నకి కొడుకు. నేను చెయ్యాల్సింది వీడు చేశాడు." ఒక పెద్దాయన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అన్నం సయించలేదు నాకు.

2021 మే నెల. రాజావారి నాన్నగారు రిటైరయ్యాక కాకినాడలోనే ఇల్లు కట్టుకున్నారు. కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరి, ఆరో రోజున పోయారు. అమ్మగారు ఇంట్లో జ్వరంతో వేరే గదిలో ఉన్నారు. వీడి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయింది. ఇండియాలో అమెరికా కాన్సలేట్లు మామూలు వీసాల పని ఆపేశాయి. వస్తే మళ్ళీ భార్యాపిల్లల దగ్గరికి ఎప్పుడు వెళ్తాడో తెలియదు. "నువ్వున్నావు కదరా" అన్నాడు ఫోన్లో.

ఉన్నాను. శ్మశానం గేటు దాకా ఉన్నాను. గేటు ఎదురుగా వేపచెట్టు కింద స్కూటరు ఆపి, దాని మీదే కూర్చున్నాను. ఇంట్లో మా అమ్మకి 76 ఏళ్ళు, ఉబ్బసం. ఆ సాకు నిజమే. భయం అంతకన్నా నిజం. డబ్బులూ కొత్త బట్టా అంబులెన్సులో వచ్చిన కుర్రాడి చేతికిచ్చాను. వాడే లోపలికి వెళ్ళి అంతా చేశాడు. పొగ కనిపించింది. అది పలచబడేదాకా అక్కడే ఉన్నాను.

ఆ రాత్రి రాజావారు అడిగాడు, "దగ్గరున్నావా?" ఉన్నానన్నాను. "తలకొరివి ఎవరు పెట్టారు?" నేనే అన్నాను. ఆ క్షణంలో వాడికి కావలసిన మాట అదే. నాకూ అదే తేలికైంది. మూడోరోజు అస్థికలు తీసుకెళ్ళి కోటిపల్లి రేవులో గోదావరిలో కలిపింది మాత్రం నేనే. ఆ ఒక్క నిజంతో ముందు చెప్పిన అబద్ధాన్ని ఇన్నేళ్ళూ కప్పుకుంటూ వచ్చాను.

విందు మర్నాడు పొద్దున లేచేసరికి రాత్రి కురిసిన మంచుకి తోడు, రోడ్డు శుభ్రం చేసే బండి తోసిన మంచు ఇంటిముందు కట్టలా పేరుకుంది. అది తీస్తేగాని కారు కదలదు. ఇద్దరం పారలు తీసుకున్నాం. టోపీ కింద వాడు ఆ మఫ్లరు చుట్టుకున్నాడు, చెవులు కప్పుకునేలా, అచ్చం ఆయన కట్టుకున్నట్టే. ఇంక ఆగలేకపోయాను.

"తలకొరివి నేను పెట్టలేదురా."

వాడి పార ఆగింది. "మరెవరు?"

"అంబులెన్సు కుర్రాడు. నేను గేటు బయటే ఉండిపోయాను. భయమేసింది."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత మళ్ళీ మంచు ఎత్తడం మొదలుపెట్టాడు. నేనూ ఎత్తాను. గంట పట్టింది. ఒక్క మాట లేదు. ఆ రోజంతా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఏం జరిగిందిరా అని మాస్టారు అడిగితే ఏమీ లేదన్నాను. తర్వాత వాడికీ చెప్పాను. "నేనైనా లోపలికి వెళ్ళేవాణ్ణి కాదేమో" అన్నాడు. ఆ ఓదార్పు నాకు పనికిరాలేదు.

రాత్రి పదకొండింటికి రాజావారు నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఆ కుర్రాడికి ఎంతిచ్చావు?"

"మూడు వేలు."

"తక్కువిచ్చావు."

ఇంకాసేపు కూర్చున్నాడు. "పేరేంటి?"

"అడగలేదురా."

"కనుక్కో" అని లేచి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 31న ఇంకొకరింట్లో భోజనం. కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేస్తూ, "కాకినాడలో కలిసి చదువుకున్నాం" అన్నాడు. అంతే. ఆ రాత్రి మాత్రం కడుపునిండా తిన్నాను. ఏదో పోగొట్టుకున్నట్టు కూడా అనిపించింది. మర్నాడు తిరుగు ప్రయాణంలో వాడు కారు దాకా వచ్చి, రోడ్లు జారుతున్నాయి మెల్లిగా వెళ్ళండన్నాడు. మఫ్లరు వాడి మెడకే ఉంది.

కాకినాడ వచ్చాక రెండుసార్లు ఆ శ్మశానానికి వెళ్ళాను, ఈసారి గేటు లోపలికి. అక్కడ పనిచేసేవాళ్ళకి ఆ ఏడాది వచ్చినవాళ్ళెవరూ గుర్తులేరు. అప్పట్లో అంబులెన్సుల మీద చేసిన కుర్రాళ్ళు తలోదిక్కూ పోయారన్నారు. ఒక డ్రైవరు ఫోన్ నెంబరు దొరికింది, అది పనిచెయ్యడం లేదు.

ఆదివారం ఆదివారం రాజావారు ఫోన్ చేస్తాడు. ఇదివరకు హాస్టలు కథలతో మొదలుపెట్టేవాడు. ఇప్పుడు అమ్మ ఎలా ఉందని అడిగి, వెంటనే "దొరికాడా?" అంటాడు. ఇంకా లేదురా, వెతుకుతున్నాను అంటాను.