కాపూ కావలీ

మా వీధిలో ఇప్పుడు కాపు కాసే జామచెట్టు మాదొక్కటే. ఒకప్పుడు ప్రతి పెరట్లోనూ ఒక జామో దానిమ్మో సీతాఫలమో ఉండేది. ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి, పెరళ్ళు కార్లకు నీడపట్లయ్యాయి. తెల్లవారుతూనే రామచిలుకల గుంపు కీచుమంటూ మా చెట్టు మీద దిగుతుంది. ఎండెక్కాక ఉడుతలు, పిగిలిపిట్టలు వస్తాయి, చీకటి పడ్డాక గబ్బిలాల వంతు. చిలుక ఏ కాయనూ పూర్తిగా తినదు. దోరకాయను రెండు కొరుకులు కొరికి, పక్కదాని మీదికి పోతుంది. కింద రాలిన ముక్కలు ఊడుస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా చిలుకల మీద నాకు కోపం రాదు. పది చెట్ల మీద పడాల్సిన ఆకలి ఒక్క చెట్టు మీద పడుతోంది, అంతే.

చేలల్లోనూ ఇదే జరిగింది. ఊరంతా జొన్న వేసిన రోజుల్లో పిట్టలు తిన్నది తలా కొంచెం. అందరూ పత్తికీ మిరపకూ మళ్ళాక, ఇంటి తిండికని ఒక రైతు అరెకరంలో జొన్న చల్లితే చుట్టుపక్కల పిచ్చుకలూ చిలుకలూ ఆ చేలోనే వాలతాయి. ‘పిట్టల బాధ పడలేక జొన్న మానేశాం’ అనే మాట మెట్ట ఊళ్ళలో తరచూ వినబడేది అందుకే. జొన్నరొట్టె మళ్ళీ తినాలని పట్నంలో ఇంత ఆరాటపడుతున్నాం గానీ, ఆ కంకిని ఎవరు కాయాలన్న సంగతి మనకు తట్టడం లేదు.

కంకి పాలుపోసుకున్నప్పటి నుంచి గింజ గట్టిపడేదాకా కావలి తప్పదు. మిట్టమధ్యాహ్నం పిట్టలు నీడన ఉంటాయి. పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి మేతకు దిగుతాయి. ఆ రెండు పూటలూ మంచె మీద మనిషి ఉండాలి. నాలుగు గుంజల మీద మంచె, చేతిలో వడిసెల, పక్కన రేకు డబ్బా. ఒక చేలో కేక వేస్తే పక్క చేలో అందుకునేవారు, దాంతో గుంపుకు ఎక్కడా కుదురుగా వాలే వీలు చిక్కేది కాదు. హాలుడు కూర్చిన గాథాసప్తశతిలోనూ చేను కాసే పడుచులు కనిపిస్తారు. అంత పాతది ఈ పని. ఇప్పుడు మంచె ఎక్కేవాళ్ళు లేరు. పిల్లలు బడికి పోతున్నారు, పోవాలి కూడా. పెద్దవాళ్ళను కూలికి పెడితే గిట్టదు.

అందుకే మనిషికి బదులు వస్తువులు వచ్చాయి. దిష్టిబొమ్మను కదల్చకుండా ఒకేచోట ఉంచితే కొన్నాళ్ళకు దాని భుజం మీదే కాకి వాలుతుంది. ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి మెరుపు ఉన్న రిబ్బను కొంత మేలు. దాన్ని మెలితిప్పి చేనుకు అడ్డంగా కడితే ఎండకు తళుక్కుమంటుంది, గాలికి గుయ్‌మంటుంది. మొక్కజొన్నకైతే గట్టు వెంబడి బారుల్లో పొత్తుల చుట్టూ ఆ మొక్క ఆకులనే చుట్టి కప్పేస్తారు. పైసా ఖర్చు లేని ఈ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది.

పెరట్లో నేను నమ్మేది గుడ్డ సంచిని. మెత్తబడిన పాత నూలు చీర చింపి, కాయ ఎదగడానికి చోటుండేలా వదులుగా సంచులు కుట్టాలి. జామకాయ నిమ్మకాయంత అయ్యేసరికి తొడిగి, మూతిని కొమ్మకు కట్టాలి. కాయ తొడిమకు కడితే బరువుకు రాలిపోతుంది. ఆ సంచి పండు ఈగ నుంచి కూడా కాపాడుతుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి కాయ కుళ్ళుతుంది. అందినంత మేర సంచులు కడతాను, పైకొమ్మలు పిట్టలకే. సీతాఫలం కళ్ళు విచ్చుకోగానే కోసి మాగవేయవచ్చు, సపోటా మామిడీ అంతే. చెట్టు మీదే పండాల్సింది దానిమ్మ. ఉడుత మొదట కన్నం పెట్టేది దానికే కాబట్టి ముందు దానికి తొడగాలి.

చెట్టంతా కప్పే సన్న నైలాన్ వల అంటే నాకు భయం. దారం కంటికి ఆనదు. వదులుగా వేలాడే వలలో పిగిలిపిట్ట కాలు పడితే, అది కొట్టుకున్నకొద్దీ దారం రెక్క మొదట్లోకి దిగిపోతుంది. విడిపించాలంటే తల మీద గుడ్డ కప్పి, ఒక్కో పోగునూ కత్తెరతో తెంచాలి. రాత్రి పడిన గబ్బిలాన్ని తెల్లవారేదాకా చూసేవాళ్ళు ఉండరు. పళ్ళు తినే గబ్బిలాలను 1972 నాటి వన్యప్రాణి చట్టం కాకులతో, ఎలుకలతో పాటు పీడల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితా పోయింది, మంచిదైంది. ఇప్పపూవు మీద వాలి పుప్పొడి మోసేదీ, ఇప్పగింజను దూరాన జారవిడిచేదీ ఆ గబ్బిలమే. వల వేయక తప్పకపోతే దళసరి తెల్లదారంది కొని, పందిరి కట్టి బిగుతుగా లాగాలి, ఉదయం, సాయంత్రం చూడాలి.

కోతుల, అడవిపందుల సంగతి వేరు. కోతుల వల్ల తెలంగాణలో కూరగాయలు వేయడమే మానుకున్న రైతులున్నారు. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల సంరక్షణ కేంద్రం పెట్టి, పట్టి తెచ్చినవాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నారు. అది నిదానంగా సాగే పని. పందులు పడి రాత్రికి రాత్రి వేరుశనగ చేను దున్నేసినట్టయిపోతే, పది జామకాయలు పోయిన నాలాంటివాడు ఆ రైతుకు ఓర్పు గురించి చెప్పకూడదు. కానీ పందుల కోసం లైను నుంచి నేరుగా కరెంటు తీగ లాగితే, నీళ్ళు కట్టడానికి చీకట్లో వచ్చిన పక్క రైతు దాని మీద పడి చనిపోతున్నాడు. సోలార్ కంచెలో కరెంటు తునకలు తునకలుగా, క్షణంలో చిన్న వంతు మాత్రమే పారుతుంది. సరిగ్గా అమర్చితే జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. ఖరీదని వెనకాడేవాళ్ళు విడివిడిగా కాకుండా ఆనుకుని ఉన్న నాలుగు చేలనూ కలిపి చుట్టూ ఒకే కంచె వేసుకుంటే, మధ్య గట్లకు తీగ అక్కర్లేదు, తలా పడే ఖర్చూ తగ్గుతుంది.