పాపికొండలకు దువ్వాడ దారి

దువ్వాడ నుంచి పాపికొండల జాతీయ ఉద్యానవనానికి ప్రయాణం రైల్వే టైంటేబుల్ దగ్గర మొదలవుతుంది. విశాఖ స్టేషన్‌లోకి వెళ్లి ఇంజను మార్చుకుని వెనుదిరిగే పని తప్పించుకునే కొన్ని దూరప్రాంతపు రైళ్లు దువ్వాడలో ఆగి సాగిపోతాయి. ఉక్కు కర్మాగారం పక్కనున్న ఊరికి అదొక చిన్న వరం. తుని, అన్నవరం, సామర్లకోట దాటితే రాజమహేంద్రవరం. అక్కడిదాకా లెక్క మనిషిది, ఆపైన గోదావరిది.

2008లో జాతీయ ఉద్యానవనమైన ఈ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు రోడ్డు ఉంది గానీ, కొండలు ఇరుకై నది మలుపు తిరిగే చోటు చూడాలంటే లాంచీ ఎక్కవలసిందే. నీరు అనుమతిస్తేనే ప్రయాణం. సెలవులు ముందే రాసిపెట్టుకునే పట్నం మనిషికి ఈ ఎదురుచూపు కాస్త కొత్త. ఈ కొండల్లో ఉండే గిరిజనులు కొండరెడ్లకు మాత్రం వానాకాలమంటే ఎప్పుడూ ఇంతే. పర్యాటకులు అడవి అంటున్నది వాళ్ల ఊరు, వాళ్ల పోడు, వాళ్ల వెదురు. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు ఆ మర్యాద పాటించాలి.

నదిని తేలిగ్గా తీసుకోకూడదని 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటు చెప్పింది. వరద తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. రైలు టికెట్టు కొనేముందే లాంచీలు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. ఎక్కాక లైఫ్ జాకెట్ విప్పకండి.