గూఢచారి వెంట ఒక ఊరికి

గూఢచారి మారువేషాలు వేస్తాడని అందరికీ తెలుసు. ఊళ్ళు కూడా వేస్తాయని మాత్రం నాకు వేల్సు వెళ్ళేదాకా తెలియదు.

ఇంగ్లండులో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్ళాం. ఆ రోజంతా ముసురు. పొద్దుపోక అతను ‘కోరోషీ’ అనే పాత చిత్రం పెట్టాడు. కోరోషీ అంటే జపాను భాషలో హత్య. జాన్ డ్రేక్ అనే గూఢచారి టోకియో వెళ్ళి హంతకుల ముఠా ఆచూకీ తీయడం కథ.

“జపాను ఎంత బాగుందిరా!” అంది మా ఆవిడ.

“జపానూ లేదు, ఏమీ లేదక్కయ్యా. ఇంగ్లండు స్టూడియోలో వేసిన సెట్టు” అన్నాడతను.

అసలది సినిమాగా పుట్టిందీ కాదు. ‘డేంజర్ మ్యాన్’ అని 1960లో మొదలైన టెలివిజన్ కథామాలిక ఒకటి ఉంది. అందులో డ్రేక్ వేషం పాట్రిక్ మెగూహన్‌ది. తుపాకి కంటె బుద్ధినే ఎక్కువ నమ్ముకున్న గూఢచారి డ్రేక్. నలుపు తెలుపుల్లో నడిచిన ఆ మాలికను 1966లో రంగుల్లోకి మార్చారు. రెండు కథలు పూర్తయ్యేసరికి మెగూహన్ ఇక చాలునని తప్పుకున్నాడు. ఆ రెండింటినీ కలిపి 1968లో ఒక చిత్రంగా చూపించారు. పాత చీరలు కలిపి బొంత కుట్టినట్టన్నమాట!

“అంతా దొంగ సరుకే” అని చప్పరించేశాను.

“అయితే ఎల్లుండి మీకో దొంగ ఊరు చూపిస్తాను, బావగారూ” అన్నాడతను.

ఆ ఊరే పోర్ట్‌మెరియన్. ‘డేంజర్ మ్యాన్’ మొట్టమొదటి కథలో ఇది ఇటలీ. తరువాత మెగూహన్ తీసిన ‘ది ప్రిజనర్’లో, ఉద్యోగం వదిలేసిన గూఢచారిని ఎత్తుకుపోయి బంధించే పేరులేని గ్రామం. ఆ మాలికలోని 17 కథల్లో ఆఖరుది 1968లో వచ్చేదాకా ఈ ఊరి పేరు తెరమీద వేయలేదు.

మిన్‌ఫోర్త్ అనే చిన్న స్టేషనులో దిగి మైలు దూరం నడిచాం. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళామో లేదో, ఆకాశం వేల్సుదే గాని నేల ఇటలీదైపోయింది. గులాబి రంగు గోడలు, గుమ్మటం, గంటస్తంభం. కొన్ని స్తంభాల మీద బంగారుపూత పూసిన బర్మా నాట్యకత్తెల బొమ్మలు. ఒక కిటికీ బాగుందని దగ్గరికి వెళితే అది గోడమీద రంగులతో వేసిన బొమ్మ!

“చెప్పానా, దొంగ ఊరని!” అన్నాడు బావమరిది. మా ఆవిడ పకపకా నవ్వింది.

నేను కూడా నవ్వేవాణ్ణే గాని, హెర్క్యులిస్ హాలు పైకప్పు చూశాక నవ్వు ఆగిపోయింది. హెర్క్యులిస్ సాహసాలను సున్నంలో మలిచిన పదిహేడో శతాబ్దపు పనితనమది. ఎమ్రల్ హాల్ అనే పాత భవంతిని 1930లలో పడగొడుతుంటే, ఈ ఊరు కట్టిన క్లఫ్ విలియమ్స్ ఎలిస్ అనే వాస్తుశిల్పి ఆ కప్పును 13 పౌన్లకు కొని, ముక్కలుగా తెప్పించి ఇక్కడ అతికించాడు. దానికోసం హాలు కట్టడానికైన ఖర్చు మాత్రం 13 పౌన్లు కాదు! బ్రిస్టల్‌లో 1760 ప్రాంతంలో కట్టిన స్తంభాల వరుస కూడా ఇలాగే రాయి రాయిగా వచ్చి చేరింది. అందమైన చోటును చెడగొట్టకుండా కూడా కట్టవచ్చునని నిరూపించడం ఆయన పంతం. 1925లో ఈ తీరం కొని, హోటలు మీద వచ్చిన డబ్బుతో ఊరు పెంచుకుంటూపోయి, 1978లో కన్నుమూశాడు.

శ్రీశైలం నీళ్ళలో మునగకుండా విప్పి తెచ్చి, అలంపురంలో మళ్ళీ నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం జ్ఞాపకం వచ్చింది. అక్కడ దణ్ణం పెట్టుకున్న నేను, చోటు మారిందని దేవుణ్ణి దొంగ అన్నానా?

సాయంత్రం సముద్రపు పోటు తీసి, ఏటి ముఖాన ఇసుక మైదానం బయటపడింది. పారిపోబోయిన ఆ గూఢచారిని పెద్ద తెల్లబంతి తరిమింది ఇక్కడే. ఇప్పుడు పిల్లలు పరుగెత్తుతున్నారు.

ఇంటికి చేరాక ‘కోరోషీ’ మళ్ళీ పెట్టమన్నాను.

“దొంగ సరుకన్నారుగా, బావగారూ?”

“అన్నాను. ఆ జపానును కట్టిన వడ్రంగులు దొంగలు కారుగా! వాళ్ళ పని చూద్దామని.”